సాంబ మసూరి నుండి కమల వరకు: పంటల్లో కచ్చితమైన జన్యుసవరణ రూపకల్పనకు సమాచార నిధులు

ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీ నుండి బహదూర్‌పురా, ఆరాంఘర్ మీదుగా నైరుతి దిశగా సాగే దారిలో రాజేంద్రనగర్ ఉన్నది. 1965లో అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం ఇక్కడే ప్రారంభమై, కాలక్రమంలో నేటి భారతీయ వరి పరిశోధన సంస్థగా రూపుదాల్చింది. ఈ సంస్థ శాస్త్రవేత్తలు జన్యుసవరణ ద్వారా రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 (కమల) వంగడాన్ని, న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 తో పాటు 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించారు. ఈ రెండు వంగడాల మాతృకలూ తెలుగు నేల మీద పుట్టినవే. కమలకు మాతృక బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204). రెండవదానికి మాతృక మారుటేరులో రూపొందిన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010).

సాంబ మసూరి విలువ దాని సన్నని గింజలో, అన్నం నాణ్యతలో ఉన్నది. సంప్రదాయ సంకరణలో కొత్త గుణంతో పాటు దాత వంగడపు ఇతర జన్యువులూ కలిసి వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి పలు తరాల పాటు మాతృవంగడంతో తిరిగి సంకరించవలసి ఉంటుంది. జన్యుసవరణలో మాతృవంగడాన్ని ఉన్నది ఉన్నట్లు నిలుపుకొని, ఎంచుకున్న ఒక్కచోట మాత్రమే మార్పు చేయవచ్చు. అయితే ఆ 'ఒక్కచోటు' ఎక్కడ ఉన్నదో, అటువంటి చోట్లు ఇంకెన్ని ఉన్నాయో ముందుగా తెలియాలి. ఈ జ్ఞానం ప్రయోగశాల బల్ల మీద కన్నా ముందు సమాచార నిధులలో లభిస్తుంది. సవరణ ఎంత కచ్చితమైనదన్నది కత్తెర పదునుపై కన్నా, ఆ వంగడాన్ని గురించి చేతిలో ఉన్న సమాచారపు నాణ్యతపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. కమలను ఉదాహరణగా తీసుకొని ఆ నిధుల స్వరూపం, వాటిని వాడుకొనే క్రమం, వాటిలోని లోపాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

సవరణ జరిగే తీరు

క్రిస్పర్ పద్ధతిలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది డీఎన్‌ఏను కోసే కాస్ ఎంజైము. రెండవది ఆ ఎంజైమును గమ్యానికి చేర్చే మార్గదర్శక ఆర్‌ఎన్‌ఏ. విస్తృతంగా వాడే కాస్9 విషయంలో మార్గదర్శకంలోని 20 అక్షరాలు (క్షారాలు) లక్ష్య డీఎన్‌ఏతో జత కుదరాలి. వాటి పక్కనే ఏదో ఒక అక్షరం, దాని వెంట రెండు 'జి' అక్షరాలు ఉండాలి. ఈ గుర్తును పామ్ అంటారు. పామ్‌కు మూడు అక్షరాల ముందు ఎంజైము రెండు పోగులనూ కోస్తుంది. కాస్12ఏ అనే మరొక ఎంజైముకు 'టి' అక్షరాలు అధికంగా గల పామ్ కావాలి, అది లక్ష్యానికి ముందు వైపున ఉండాలి.

తెగిన కొసలను కణమే అతికించుకొంటుంది. ఆ అతుకులో ఒకటి రెండు అక్షరాలు పోవచ్చు, లేదా కొత్తవి చేరవచ్చు. ప్రొటీను సంకేతం మూడేసి అక్షరాల మాటలుగా చదవబడుతుంది. కనుక మూడుతో భాగింపబడని సంఖ్యలో అక్షరాలు తగ్గినా పెరిగినా ఆ తరువాతి సంకేతమంతా తప్పుతుంది, జన్యువు సాధారణంగా నిష్క్రియమవుతుంది. సరిగ్గా మూడు అక్షరాలు పోతే ఒక అమైనో ఆమ్లం మాత్రమే తగ్గి, ప్రొటీను పనిచేస్తూనే ఉండవచ్చు. బయటి నమూనా డీఎన్‌ఏ ఏదీ ఇవ్వకుండా కణపు అతుకుపైనే ఆధారపడే ఈ విధానాన్ని ఎస్‌డీఎన్1 అంటారు. చిన్న మార్పుకు నమూనాను అందిస్తే ఎస్‌డీఎన్2, పెద్ద జన్యుఖండాన్ని చేరిస్తే ఎస్‌డీఎన్3. కమల ఎస్‌డీఎన్1 పద్ధతిలో రూపొందినది.

మొదటి నిధి: జన్యువును గురించిన పూర్వజ్ఞానం

కమలలో సవరించిన జన్యువు సీకేఎక్స్2. దీనికే జీఎన్1ఏ అని మరో పేరు. ఇది సైటోకైనిన్ అనే హార్మోనును విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారుచేస్తుంది. వెన్ను రూపుదిద్దుకొనే వేళ ఈ ఎంజైము తగ్గితే సైటోకైనిన్ నిలిచి ఉండి, వెన్నులో గింజల సంఖ్య పెరుగుతుంది. జపాను శాస్త్రవేత్తలు హబటాకి, కోషిహికారి వంగడాల సంకర సంతతిని పరిశీలించి 2005లో ఈ సంగతిని వెల్లడించారు. అధికంగా గింజలు పట్టే మరొక వరి రకంలో ఇదే జన్యువులో 11 అక్షరాల లోపం సహజంగానే ఉన్నట్లు ఆ పరిశోధన చూపింది. అనగా ఈ జన్యువు పని తగ్గితే ఏమవుతుందో ప్రకృతి ముందే ప్రయోగించి చూపింది. సవరణకు జన్యువును ఎన్నుకొనేటప్పుడు ఇటువంటి సహజ సాక్ష్యం అత్యంత విలువైనది.

పూసా డీఎస్‌టీ రైస్ 1లో సవరించిన డీఎస్‌టీ జన్యువు బెట్టను, చౌడును తట్టుకొనే గుణానికి సంబంధించినది. ఈ డీఎస్‌టీ ప్రొటీను సీకేఎక్స్2 జన్యువు వ్యక్తీకరణను నేరుగా నియంత్రిస్తుందని 2013లో తేలింది. రెండు వేర్వేరు నగరాలలో, రెండు వేర్వేరు లక్ష్యాలతో సవరించిన జన్యువులు ఒకే దారిలోని రెండు మజిలీలు. ఒక జన్యువును ఒంటరిగా చూడక, దాని పైన, కింద ఉన్న జన్యువులతో కలిపి చూడవలసిన అవసరాన్ని ఇది తెలుపుతున్నది.

రెండవ నిధి: ఆధార జన్యుక్రమం, జన్యువుల పట్టిక

వరి జన్యుక్రమాన్ని అంతర్జాతీయ కూటమి 2005లో ప్రచురించింది. 12 క్రోమోజోములలో సుమారు 38.9 కోట్ల అక్షరాలు గల ఈ పనిలో భారతదేశం 11వ క్రోమోజోము బాధ్యతను పంచుకొన్నది. ఈ క్రమాన్ని సరిదిద్దిన పాఠం 2013లో వెలువడింది. దీనిపై జన్యువుల హద్దులు గుర్తించిన పట్టికలు ప్రధానంగా రెండు ఉన్నాయి: జపానుకు చెందిన ర్యాప్-డీబీ, అమెరికాలోని మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయపు పట్టిక. ఎన్సెంబుల్ ప్లాంట్స్, గ్రామీన్, ఫైటోజోమ్ నిధులలో వరితో పాటు ఇతర పంటల జన్యువులనూ పోల్చి చూడవచ్చు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా తడబడే చోటు గుర్తింపు సంఖ్య. ఒకే సీకేఎక్స్2 జన్యువు ర్యాప్-డీబీలో ఓఎస్01జి0197700 గానూ, మిచిగాన్ పట్టికలో ఎల్‌ఓసీ ఓఎస్01జి10110 గానూ నమోదై ఉంటుంది. పరిశోధన పత్రాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్యను వాడతారు. ఒక పట్టికలోని జన్యువు హద్దులు, ఎక్సానుల సంఖ్య రెండవ పట్టికతో ప్రతిసారీ ఏకీభవించవు. కనుక రెండింటినీ సరిచూసి, ప్రొటీనులో ముఖ్యమైన భాగానికి ముందు ఉండి, జన్యువు నుండి వెలువడే అన్ని పాఠాలలోనూ కనిపించే ఎక్సానునే లక్ష్యంగా తీసుకోవాలి.

మూడవ నిధి: వంగడాల మధ్య తేడాలు

ఆధార జన్యుక్రమం నిప్పన్‌బారె అనే జపోనికా వంగడానిది. సాంబ మసూరి, కాటన్‌దొర సన్నాలు, స్వర్ణ మొదలైనవి ఇండికా వర్గానివి. ఈ రెండు వర్గాల మధ్య తేడా ఒకటి రెండు అక్షరాలకు పరిమితం కాదు, కొన్ని జన్యువులే ఒకదానిలో ఉండి రెండవదానిలో ఉండవు. ముంపును తట్టుకొనే సబ్1ఏ జన్యువు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మారుటేరు స్వర్ణకు ఈ జన్యువును చేర్చి రూపొందించినదే స్వర్ణ సబ్1. నిప్పన్‌బారె క్రమంలో ఎంత వెదకినా సబ్1ఏ కనిపించదు, ఏమంటే అది అందులో లేదు.

దీని పర్యవసానం స్పష్టం. నిప్పన్‌బారెను చూసి రాసిన 20 అక్షరాల మార్గదర్శకం సాంబ మసూరిలో యథాతథంగా సరిపోతుందన్న హామీ లేదు. పామ్‌లోని ఒక్క 'జి' స్థానంలో మరొక అక్షరం ఉన్నా ఎంజైము అక్కడ కోయకపోవచ్చు. మొక్కను కణజాలవర్ధనం ద్వారా పెంచి, తరం దాటించి, ఫలితం లేదని గ్రహించేసరికి పంటకాలాలు గడచిపోతాయి.

ఈ తేడాలను ముందుగా చూపే నిధులలో ప్రధానమైనది మూడు వేల వరి జన్యుక్రమాల పథకం. 89 దేశాలకు చెందిన 3,010 రకాల విశ్లేషణ 2018లో వెలువడింది. దానిలో సుమారు 2.9 కోట్ల ఏకాక్షర భేదాలు నమోదయ్యాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నిర్వహించే ఎస్‌ఎన్‌పీ-సీక్ నిధిలో ఏ జన్యువులో ఏ రకానికి ఏ అక్షరం ఉన్నదో చూడవచ్చు. జెన్‌షాన్ 97, మింగ్‌హుయి 63 వంటి ఇండికా వంగడాలకు సంపూర్ణ జన్యుక్రమాలు వచ్చినందున, ఇండికాలో రూపకల్పనకు వాటిని దగ్గరి ఆధారంగా తీసుకోవచ్చు. అయినప్పటికీ తుది మాట మాతృవంగడానిదే. ప్రయోగానికి వాడబోయే విత్తనపు మొక్క నుండే డీఎన్‌ఏ తీసి, లక్ష్యప్రాంతాన్ని పీసీఆర్ ద్వారా పెంచి, సాంగర్ పద్ధతిలో క్రమం చదివిన తరువాతనే మార్గదర్శకాన్ని ఖాయం చేయాలి. స్వల్ప వ్యయంతో, కొద్ది రోజులలో పూర్తయ్యే ఈ పరీక్ష మొత్తం పథకాన్ని కాపాడగలదు.

నాల్గవ నిధి: జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచేస్తుంది

వరిలో సీకేఎక్స్ జన్యువులు 11 ఉన్నాయి. అన్నీ సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసేవే అయినా, ఒకటి వేరులో, ఒకటి ఆకులో, ఒకటి వెన్నులో ప్రధానంగా పనిచేయవచ్చు. రైస్ ఎక్స్‌ప్రో వంటి వ్యక్తీకరణ నిధులు నారుదశ నుండి గింజ పాలుపోసుకొనే దశ వరకు ఏ భాగంలో ఏ జన్యువు ఎంత చురుకుగా ఉన్నదో చూపుతాయి. కమలలో గింజల సంఖ్య పెంచడం లక్ష్యం కాగా, మాతృక కన్నా సుమారు 20 రోజులు ముందుగా, 130 రోజుల ప్రాంతంలో కోతకు వస్తుందని కూడా ప్రకటనలో పేర్కొన్నారు. ఒక సవరణ ఫలితాన్ని ఒకే గుణానికి పరిమితం చేసి కొలవరాదని, పంటకాలం, పిలకలు, గింజ నాణ్యత, తెగుళ్ల తాకిడి అన్నింటినీ నమోదు చేయాలని ఇది బోధిస్తున్నది.

ఐదవ నిధి: మార్గదర్శక రూపకల్పన సాధనాలు

క్రిస్పర్-పీ, క్రిస్పర్-జీఈ, చాప్‌చాప్, క్రిస్పార్ వంటి ఉచిత సాధనాలలో జన్యువు సంఖ్యను ఇస్తే, సాధ్యమైన మార్గదర్శకాలన్నీ వరుసగా వస్తాయి. కాస్-ఆఫ్‌ఫైండర్ ఒక మార్గదర్శకానికి జన్యుక్రమమంతటిలో పోలిక ఉన్న ఇతర స్థానాలను వెదకి చూపుతుంది. వాటి ఫలితాలను గుడ్డిగా స్వీకరించక, లెక్కను అర్థం చేసుకోవడం అవసరం.

నాలుగు అక్షరాలూ సమానంగా ఉన్నాయనుకొంటే, రెండు 'జి'లు పక్కపక్కన వచ్చే అవకాశం ఒక పోగుపై 16 స్థానాలకు ఒకటి, రెండు పోగులూ కలిపితే 8 స్థానాలకు ఒకటి. కనుక ఏ జన్యువులోనైనా లక్ష్యాలకు కొదవ ఉండదు. కష్టమంతా ఎంపికలోనే. పామ్‌కు దగ్గరగా ఉన్న సుమారు 12 అక్షరాల జత కుదరడం కోతకు కీలకం. ఈ 12 అక్షరాలు, రెండు 'జి'లు కలిపి 14 స్థిరమైన అక్షరాలు. అటువంటి కూర్పులు 26.8 కోట్లు సాధ్యం. వరి జన్యుక్రమపు రెండు పోగులలో 77.8 కోట్ల స్థానాలు ఉన్నాయి. అంటే కేవలం యాదృచ్ఛికంగానే అటువంటి కూర్పు సగటున మూడుచోట్ల కనిపించవచ్చు. జన్యుక్రమం యాదృచ్ఛికం కాదు, ఒకే పూర్వజన్యువు నుండి విడివడిన కుటుంబాలు అందులో ఉన్నాయి. సీకేఎక్స్2 కోసం రాసిన మార్గదర్శకం మిగిలిన పది సోదర జన్యువులలో దేనినైనా తాకుతుందా అన్నది అందుకే మొదటి ప్రశ్న.

మరికొన్ని నియమాలు కూడా పాటించాలి. మార్గదర్శకంలో 'జి', 'సి' అక్షరాల వాటా 40 నుండి 60 శాతం మధ్య ఉండడం మేలు. వరుసగా నాలుగు 'టి'లు ఉంటే ఆర్‌ఎన్‌ఏ తయారీ అక్కడే ఆగిపోవచ్చు. వరి యూ3 ప్రమోటరుతో 'ఏ' అక్షరం, యూ6 ప్రమోటరుతో 'జి' అక్షరం మొదట ఉండాలి.

జన్యువును నిష్క్రియం చేయని సవరణలు

కచ్చితత్వం మరింత అవసరమైన సందర్భాలు ఉన్నాయి. బాక్టీరియా ఆకుఎండు తెగులు ఇందుకు మంచి పాఠం. తెగులు కలిగించే బాక్టీరియా తన ప్రొటీనులను వరి కణంలోకి పంపి, స్వీట్ అనే చక్కెర రవాణా జన్యువుల ప్రమోటర్లకు అంటించి, వాటిని తన ఆహారం కోసం తెరిపిస్తుంది. ఈ జన్యువులను పూర్తిగా నిష్క్రియం చేస్తే మొక్కకే నష్టం కలగవచ్చు. ప్రమోటరులో బాక్టీరియా ప్రొటీను అంటుకొనే కొద్ది అక్షరాలను మార్చితే, తాళం మారినట్లు బాక్టీరియా తాళపుచెవి పనిచేయదు. 2019లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధనలో మూడు స్వీట్ జన్యువుల ప్రమోటర్లను ఈ విధంగా సవరించారు. అందుకు వరి జన్యుక్రమం ఒక్కటే చాలలేదు, 63 బాక్టీరియా రకాల జన్యు సమాచారాన్ని కూడా పరిశీలించవలసి వచ్చింది. తెగులు నిరోధక సవరణకు శత్రువు సమాచారం కూడా ఒక నిధియే.

ఈ పాఠానికి హైదరాబాదుతో పూర్వ సంబంధం ఉన్నది. వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి అణుసూచికల సాయంతో ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 జన్యువులను సాంబ మసూరికి చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరి (ఆర్‌పీ బయో 226) ని అందించాయి. వీటిలో ఎక్స్‌ఏ13 స్వీట్11 జన్యువుకు సహజంగా ఏర్పడిన ప్రమోటరు రూపాంతరమే.

ధ్రువీకరణ, నియంత్రణ

2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ బయటి డీఎన్‌ఏ లేని ఎస్‌డీఎన్1, ఎస్‌డీఎన్2 మొక్కలకు 1989 నిబంధనలలోని 7 నుండి 11 వరకు గల నియమాల నుండి మినహాయింపు ఇచ్చింది. అదే సంవత్సరం మే నెలలో బయోటెక్నాలజీ విభాగం భద్రత మార్గదర్శకాలను వెలువరించింది. ఈ మినహాయింపు ఊరకే రాదు. సవరణకు వాడిన కాస్ జన్యువు తరువాతి తరంలో విడిపోయి, మొక్కలో మిగలలేదని నిరూపించాలి. అనుకొన్న మార్పే జరిగిందని, పోలిక గల ఇతర స్థానాలలో మార్పు జరగలేదని చూపాలి. ఇక్కడ కూడా పోల్చవలసినది నిప్పన్‌బారెతో కాదు, ప్రయోగానికి వాడిన మాతృమొక్కతో. లేనిచో సాంబ మసూరికి సహజమైన తేడాలన్నీ సవరణ వలన వచ్చిన దోషాలుగా కనిపిస్తాయి.

చివరి నిధి: క్షేత్ర సమాచారం

కమలను 2023, 2024 సంవత్సరాలలో సమన్వయ పరీక్షలలో పరిశీలించారు. భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటన ప్రకారం హెక్టారుకు సగటున 5.37 టన్నుల దిగుబడి రాగా, సాంబ మసూరికి 4.5 టన్నులు వచ్చింది. ఇది సుమారు 19 శాతం అధికం. జన్యుమార్పు పంటలను వ్యతిరేకించే ఒక పౌర కూటమి పరీక్షల వార్షిక నివేదికలను ఉటంకిస్తూ ఈ ఫలితాలను 2025లోనే ప్రశ్నించగా, మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. వాదం ఎటు మొగ్గినా, దానిని తేల్చగలిగినది ఒక్కటే: కేంద్రాల వారీగా, సంవత్సరాల వారీగా, పునరావృత్తులతో సహా అందరూ పరిశీలించగల మూల గణాంకాలు. జన్యువు అక్షరాలు బహిరంగంగా ఉండి, పొలం అంకెలు సగటులుగా మాత్రమే లభిస్తే నిధి సగమే నిండినట్లు.

ఇతర పంటలకు ఈ క్రమం వర్తించే తీరు

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుక్రమం ఆశ రకంపైన, శనగ జన్యుక్రమం 2013లో కాబూలీ రకంపైన సిద్ధమయ్యాయి. 2021లో 3,366 శనగ రకాల జన్యుక్రమాల విశ్లేషణ వెలువడింది. మనదేశపు జీవసమాచారాన్ని భద్రపరచడానికి ఫరీదాబాదులో 2022 నవంబరులో భారతీయ జీవసమాచార కేంద్రం ప్రారంభమైంది. నిధులు ఉన్నాయి, స్థానిక వంగడాల సమాచారంతో వాటిని నింపడం ఇక్కడి సంస్థల బాధ్యత.

విద్యార్థులకు అభ్యాస క్రమం

1. సహజ రూపాంతరాల సాక్ష్యం గల జన్యువును ఎన్నుకొని, రెండు పట్టికలలోని గుర్తింపు సంఖ్యలను సరిచూడాలి.
2. వ్యక్తీకరణ నిధిలో ఆ జన్యువు చురుకుగా ఉండే భాగాన్ని, దశను నమోదు చేయాలి.
3. ఎస్‌ఎన్‌పీ-సీక్‌లో ఇండికా రకాలకు గల తేడాలను లక్ష్యప్రాంతంలో గుర్తించాలి.
4. మాతృవంగడపు లక్ష్యప్రాంతాన్ని స్వయంగా క్రమం చదివి, ఆ పాఠంపైనే మార్గదర్శకాలను రాయాలి.
5. సోదర జన్యువులతో పోలికను కాస్-ఆఫ్‌ఫైండర్‌లో పరీక్షించి, కనీసం రెండు మార్గదర్శకాలను ఎంచుకోవాలి.
6. వాడిన ప్రతి నిధి పేరు, దాని పాఠాంతరం సంఖ్య, చూసిన తేదీ ప్రయోగ పుస్తకంలో రాయాలి. నిధులు మారుతూ ఉంటాయి గనుక ఈ నమోదు లేనిదే ఫలితాన్ని మరొకరు సరిచూడలేరు.

విస్తరణ శాస్త్రవేత్తలకు

కొత్త వంగడం గురించి రైతు అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి: ఇది బీటీ పత్తి వంటిదా? విత్తనం మరుసటి సంవత్సరానికి దాచుకోవచ్చా? అన్నం పాతరుచేనా? బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు చేర్చబడింది. కమలలో బయటి జన్యువు మిగలలేదు, ఉన్న జన్యువే సవరించబడింది. ఇది సంకర వంగడం కాదు గనుక దాచిన విత్తనంలోనూ గుణం నిలుస్తుంది. అయితే సవరణ సాంకేతికతపై విదేశీ సంస్థలకు పేటెంట్లు ఉన్నందున, విత్తన వ్యాపార నిబంధనలను అధికారిక ప్రకటనలు చూసి మాత్రమే చెప్పాలి. దిగుబడి, నాణ్యత విషయంలో రాష్ట్రసగటు కన్నా తమ మండలపు నేలలో జరిపిన ప్రదర్శన క్షేత్రపు అంకెలే రైతుకు నమ్మదగిన సమాధానం. ఆ అంకెలను సేకరించి పరిశోధన కేంద్రానికి పంపే విస్తరణ శాస్త్రవేత్త కూడా సమాచార నిధి నిర్మాతలలో ఒకరు.

ముగింపు

బాపట్లలో పుట్టిన వంగడం, జపానులో గుర్తించిన జన్యువు, ఫిలిప్పీన్స్‌లో భద్రపరచిన వైవిధ్య సమాచారం, రాజేంద్రనగర్‌లో జరిగిన సవరణ: ఇవన్నీ కలిస్తేనే ఇటువంటి వంగడం సాధ్యం. ఈ గొలుసులో బలహీనమైన కొక్కెం మన వంగడాల సొంత జన్యుక్రమం, మన పొలాల మూల గణాంకాలు. తెలుగు రాష్ట్రాలలో విరివిగా సాగయ్యే ప్రతి ప్రధాన వంగడానికి సంపూర్ణ జన్యుక్రమాన్ని, కేంద్రాల వారీ క్షేత్ర ఫలితాలను బహిరంగ నిధిలో ఉంచగలిగితే, తరువాతి సవరణ మరింత కచ్చితంగా, రైతుకు మరింత విశ్వసనీయంగా ఉంటుంది.